రాతి మీద ఏ పేరు?

తుంగతుర్తి దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో బాప్టిస్టు సంఘం మాదిగవాడలోని పాత గుడి విడిచి, రోడ్డు పక్కన కట్టుకున్న కొత్త మందిరంలోకి మారింది. పాతదంటే మట్టిగోడలు, పెంకులు, ఒకటే కిటికీ. దాన్ని తలుచుకుని దిగులుపడటం నగరంలో ఉండే నాబోటివాళ్లకు తేలిక. ఆదివారం పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా అక్కడ కూర్చునే ఆడవాళ్లకు అవసరమొస్తే కంపచెట్ల చాటే దిక్కు. కొత్త మందిరం వెనక రెండు మరుగుదొడ్లున్నాయి.

"ఫ్యాన్లు, మైకులు నాకెందుకు బిడ్డా, గవ్వి కట్టిన్రు, గది సాలు" అంది మా చిన్నమ్మ.

లోపల పలకలు పరిచిన బాప్తిస్మపు తొట్టి కూడా ఉంది. బాప్టిస్టులు పసిపిల్లల మీద నీళ్లు చల్లరు, ఊహ తెలిసి ఒప్పుకున్నాకే నిండా ముంచుతారు. మా అమ్మమ్మ తరం ఊరి చెరువులో మునిగింది. తడిచీరలతో గట్టెక్కే ఆడవాళ్ల చుట్టూ తోటివాళ్లు దుప్పట్లు పట్టుకుని నిలబడేవాళ్లట. దేవుడి సాక్షిగా మునగడం ఒక ఎత్తు, ఊరి మగవాళ్ల కళ్లముందు తేలడం ఒక ఎత్తు!

ఈ సంఘాల పుట్టుక గురించి మిషనరీలు బోలెడు రాశారు. 1890లో నల్లగొండలో కేంద్రం పెట్టిన అబ్రహాం ఫ్రీజన్ రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ బ్రెదరెన్. పనిచేసింది మాత్రం అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద. మరో పదేళ్లకు సూర్యాపేటలోనూ కేంద్రం వచ్చింది. అంతకు ముందే ఒంగోలు వైపు కరువు వెళ్లిన 1878లో, జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగలే. ఇంకా వెనక్కి వెళితే 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసిన ఐదుగురున్నారు. జూయెట్ దొర, ఆయన భార్య, నర్సు, జూలియా, రూత్. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లే. ఆ ఇద్దరు తెలుగు స్త్రీలను కన్నతల్లులు ఏమని పిలిచారో ఆ కథ చెప్పేవాళ్లెవరూ చెప్పరు. బాప్తిస్మపు పేరు మిగిలింది, పుట్టినపేరు పోయింది.

ఒంగోలు క్లౌ దొర రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1898లో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పుస్తకం వేసింది. మరుసటేడు మాదిగల బతుకు కథలతో 'వైల్ సూయింగ్ శాండల్స్' తెచ్చింది. స్త్రీల హక్కుల గురించి రాసిన చేత్తోనే మా తాతల కథలూ రాసిందన్నమాట. మన స్త్రీవాద చర్చల్లో ఈమె ఎందుకు రాలేదో ఆలోచించాలి.

నేను 'మనకు తెలియని మన చరిత్ర' చదివి పెరిగినదాన్ని. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ఆ పుస్తకం, ఆడవాళ్ల పేర్లు పోకుండా రాసుకోవాలని నేర్పింది. తుంగతుర్తి అంటే మనకు 1978, 1983లో అక్కడ నుంచి అసెంబ్లీకి వెళ్లిన మల్లు స్వరాజ్యం గుర్తొస్తుంది. ఆ పక్క వాడల్లో బియ్యం ఎత్తిపెట్టిన ఆడవాళ్లు ఎవరికి గుర్తొస్తారు?

ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెస్తారు. అమ్మితే వచ్చిన డబ్బు లెక్క చిన్నమ్మ దగ్గర నోటు పుస్తకాల్లో ఉంది. కూలికి పోయిన రోజూ, పోని రోజూ తీసిన పిడికిళ్లవి. కొత్త మందిరం బండపరుపంతా ఆ డబ్బే. శిలాఫలకం మీద మాత్రం పెద్ద మొత్తాలిచ్చిన మగవాళ్ల పేర్లే చెక్కించాలని సంఘపెద్దలు అనుకున్నారు. బాప్టిస్టు పద్ధతిలో బాప్తిస్మం పొందిన ప్రతి సభ్యురాలికీ ఓటుంది. ఆదివారం కూర్చునేది ఎక్కువ ఆడవాళ్లే, పెద్దలు మాత్రం అందరూ మగవాళ్లే.

సభ్యుల మీటింగుకు నేనూ వెళ్లాను. చిన్నమ్మ పుస్తకాలు పట్టుకుపోయి లెక్క చదివించింది. కాదనేందుకు ఎవరికీ నోరు రాలేదు. పేర్లు చెక్కిద్దామన్నారు. సరిగ్గా అక్కడే ఆడవాళ్లు వెనక్కి తగ్గారు.

"ఏ పేరు సెక్కుతరు బిడ్డా? గుడి పేరా, రేషన్ కార్డు పేరా?"

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు లేదు. మతం మారిన మాలమాదిగలు మా దగ్గర బి.సి. 'సి' కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌లో. గుడి పేరు రాతికెక్కితే, రేపు ఎవడైనా దాన్ని ఫోటో తీసి అర్జీ పెడితే, మనవరాలి కులం సర్టిఫికెట్ ఏమవుతుంది? మగవాళ్లకు దాక్కోవడానికి ఇంటిపేరు పొడి అక్షరాలున్నాయి. 'పి.వి. రావు' అంటే ఏ మతమైనా కావచ్చు. వీళ్లకున్నది పేరొక్కటే. వాడలోనే ఉన్నన్నాళ్లు ఎవరి పేరు ఏమిటో బయటివాళ్లకు పట్టలేదు. రోడ్డు మీదికి వచ్చాక రాయి అందరికీ కనబడుతుంది.

కులం వదలదు, అంటరానితనం వదలదు, సర్టిఫికెట్ మాత్రం వదిలిపోవాలి. ఇది నాకు న్యాయంగా తోచదు. అట్లాగని "ధైర్యంగా పేరు చెక్కించుకోండి" అని, ఎవరి పిల్లల సీటో పణంగా పెట్టమనే హక్కు నాకెక్కడిది? పేరు చెప్పుకోవడమే స్వేచ్ఛ అనుకునే మన రాతల్లో ఈ భయానికి చోటు తక్కువ.

చివరికి ఫలకం మీద 'స్త్రీల సమాజము' అని ఒక వరుస పడింది. దాని కింద జానెడు జాగా మిగిలింది. అక్కడ వాక్యం ఏదైనా రాయిద్దామని పెద్దలు అడిగితే చిన్నమ్మ, "ఉండనియ్యున్రి, మా జాగా" అంది.