మురుగులో దొరికిన మాణిక్యం

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో కయూగా సరస్సు ఒడ్డున ఉంటుంది ఇథాకా. చిన్న ఊరే. కానీ ఎటు నడిచినా కొండవాగులూ జలపాతాలే. గుట్టమీద కార్నెల్ యూనివర్సిటీ. వచ్చినవాళ్లు జలపాతాల దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతుంటారు. శాస్త్రవేత్తలకు మాత్రం ఈ ఊరు పేరు చెప్పగానే ఇంకోటి గుర్తొస్తుంది. అదేంటో తెలుసా... ఇక్కడి మురుగు!

ఆ కథ తెలియాలంటే ముందు ఊరి దక్షిణాన ఉన్న సౌత్‌హిల్‌ ఎక్కాలి. అక్కడ ఒకప్పుడు గొలుసుల ఫ్యాక్టరీ ఉండేది. ఇనుప సామాన్ల జిడ్డు వదలగొట్టడానికి ట్రైక్లోరోఇథిలీన్ అనే ద్రావణిని వాడేవారు. అది నేలలోకి ఇంకిపోయిందని 1987లో బయటపడింది. ఇది క్యాన్సర్ కారకం. నీటికన్నా బరువు కాబట్టి భూగర్భజలం అడుక్కి చేరి, రాతి పగుళ్లలో నక్కి కూర్చుంటుంది. ఏళ్లతరబడి నీళ్లు తోడిపోసినా ఓ పట్టాన పోదు. పైగా ఆవిరై ఇళ్లలోకి వస్తుంది. ఆ ఆవిరిని బయటికి లాగడానికి కొండ కింది ఇళ్లకు గొట్టాలూ ఫ్యాన్లూ బిగించాల్సి వచ్చింది.

విచిత్రమేమిటంటే, ఇలాంటి విషానికి విరుగుడు అదే ఊళ్లో ఉంది. ఇథాకా మురుగుశుద్ధి కేంద్రం నుంచి తెచ్చిన బురదలో కార్నెల్ పరిశోధకులు ఓ బ్యాక్టీరియాను గుర్తించారు. 1997లో లోకానికి వెల్లడించారు. పేరు డీహాలోకోకాయిడిస్. వెంట్రుక మందంలో నూరోవంతు కూడా ఉండదు. ఆక్సిజన్ తగిలితే బతకదు. మనం గాలి పీల్చుకున్నట్టు అది క్లోరిన్ రసాయనాలను ‘పీల్చుకుని’ బతుకుతుంది. ఒక్కో క్లోరిన్ పరమాణువునూ ఊడబెరుకుతూ పోతే చివరికి మిగిలేది ఇథిలీన్... మామిడికాయల్ని ముగ్గబెట్టే వాయువే!

ఇప్పుడు చాలాచోట్ల ఈ జాతి బ్యాక్టీరియాను బోర్లద్వారా భూమిలోకి పంపుతున్నారు. తోడుగా మొలాసిస్, వంటనూనె లాంటివీ పోస్తారు. నేలలోని ఇతర సూక్ష్మజీవులు వాటిని తిని హైడ్రోజన్ విడుదల చేస్తాయి. అదే దీనికి తిండి.

అయితే ఓ చిక్కుంది. పని సగంలో ఆగితే వినైల్ క్లోరైడ్ మిగులుతుంది. అదీ క్యాన్సర్ తెచ్చేదే. అందుకే బావుల్లో నీటిని తరచూ పరీక్షిస్తూ, ఆఖరి క్లోరిన్ కూడా ఊడేదాకా ఏళ్లతరబడి కాపలా కాయాలి. జిడ్డు వదిలించుకోవడానికి పట్టింది నిమిషాలే. ఆ మరక వదిలించడానికి మాత్రం ఓ తరం పడుతోంది.