వానయడవిలో చక్రముల యిల్లు

అమెరికా దేశమున వాయవ్యమూలను, వాషింగ్టన్ రాష్ట్రమునందు, పసిఫిక్ మహాసముద్రము నొరసికొని ఒలింపిక్ ద్వీపకల్పము కలదు. దాని నడుమ 7,980 అడుగుల యెత్తున ఒలింపస్ పర్వతము మంచుతో కప్పబడి నిలిచియున్నది. సముద్రమునుండి వచ్చు మేఘములు పడమటి వాలునకు తాకి తమ భారమంతయు నచ్చటనే దించును. అందుచే పడమటనున్న హో నదీలోయలో ఏటికి సుమారు 140 అంగుళముల వాన కురియును. పర్వతమున కావలివైపు ఈశాన్యముననున్న సీక్విమ్ పట్టణమునకు దక్కునది సుమారు 16 అంగుళములు మాత్రమే. మన కోస్తా జిల్లాలలో కురియునది 40 అంగుళముల ప్రాంతమని తలచినచో, ఆ లోయ యెట్టిదో సోదరీమణు లూహించుకొనగలరు.

2023వ సంవత్సరము దసరా సెలవులలో మా చెల్లెలి కుటుంబముతో నేనీ ప్రాంతమును చూచితిని. పడకలు, పొయ్యి, స్నానపుగది యన్నియు నమర్చిన పెద్ద మోటారుబండిలో ప్రయాణము చేసితిమి. దీని నచ్చటివారు ఆర్వీ యందురు. పుష్పకమున నెందఱెక్కినను మఱియొకరికి చోటుండునని పెద్దలు చెప్పుదురు. ఈ బండిలో మేమైదుగుర మెక్కగా గొడుగు పెట్టుటకైనను చోటు మిగులలేదు. చెల్లెలు, మఱదిగారు, వారి కుమార్తె, చెల్లెలి యత్తగారు, నేను. అత్తగారికి చిరకాలముగా ఉబ్బసము కలదు.

సియాటిల్ నుండి పడవపై బండితో సహా జలసంధి దాటి, హుడ్ కాలువపై నీటిలో తేలు వంతెన మీదుగా సీక్విమ్ చేరితిమి. అచ్చట ఎండ కాయుచుండెను. పోర్ట్ ఏంజెలెస్ దాటి, కొండల నడుమ నీలమణివలె నున్న క్రెసెంట్ సరస్సు వెంబడి పోయి, ఫోర్క్సు పట్టణమున సరకులు కొనుక్కొని, హో అడవిలోనికి ప్రవేశించుసరికి వాన పట్టుకొనెను. ఆ వాన మూడుదినములు విడువలేదు.

ఆ యడవి సౌందర్యమును మాటలలో పెట్టుట కష్టము. ఆకాశమంటు స్ప్రూసు, హెమ్లాకు వృక్షములు. కొమ్మకొమ్మకును జడలవలె వ్రేలాడు నాచు. నేల కూలిన మహావృక్షములు బూజులు, పుట్టగొడుగుల వలన మెత్తబడి, తమ వీపుమీదనే క్రొత్తమొక్కలను వరుసగా పెంచుచున్నవి. ఆ కుళ్లే అక్కడ జీవనాధారము. అయితే బూజునకు అడవిలోని మ్రాను, బండిలోని పలుచని చెక్క యను భేదము లేదు.

చలిగాలి తగిలిన ఆయాసము హెచ్చునను భయముచే అత్తగారి కొఱకు కిటికీలన్నియు బిగించి పరుంటిమి. రెండవనాటి యుదయమున అద్దములనుండి నీరు కారుచుండెను. మూడవనాడు పరుపెత్తి చూడగా క్రింది చెక్క తడిసి, మూలలయందు నల్లని చుక్కలు కనబడినవి, ముక్కవాసన గుప్పుమనెను. ఆ రాత్రి అత్తగారు రెండుమారులు లేచి కూర్చుండి మందు పీల్చవలసివచ్చెను.

కప్పు కారుచున్నదేమోయని మఱదిగారు నిచ్చెన వేసికొని అతుకులన్నియు పరిశీలించిరి. ఎక్కడను చిల్లు లేదు. నీరు బయటినుండి వచ్చినది కాదు. మా ఊపిరులనుండియు, మా పొయ్యినుండియు వచ్చినది. పొయ్యిలో మండు ప్రొపేను వాయువు ఒక పౌను కాలినచో పౌనున్నరకు పైగా నీటియావిరి పుట్టును. అన్నపుగిన్నె, ఆరవేసిన తడికోట్లు, అయిదుగురి నిట్టూర్పులు దానికి తోడు. 20 డిగ్రీల వేడిగల గాలి ఘనపుమీటరునకు సుమారు 17 గ్రాముల యావిరిని మోయగలదు. 10 డిగ్రీల చల్లని యద్దమును తాకినప్పుడు 9 గ్రాములకు మించి మోయలేక మిగిలినదానిని నీరుగా విడుచును.

"కిటికీ కొంచెము తెఱచెద మత్తయ్యగారూ" అంటిని.

"బయట కుండపోతగా వానయే గదమ్మా! ఆ చెమ్మ లోనికి రాదా? నా యాయాసము మాటేమి?" అని వారడిగిరి.

ఆ సందేహము సహజమే. కాని వానలోని గాలి చల్లనిది. 8 డిగ్రీల గాలి పూర్తిగా తడిసియున్నను అందులోని యావిరి 8 గ్రాములు మాత్రమే. అది లోనికి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కినచో, మోయగలదానిలో సగమైనను నిండదు. కావున వానగాలియే మా బండిని ఆర్పగలదు. చెల్లెలీ లెక్క చెప్పగా ఆమె కొంతసేపాలోచించి, "నిజమేనే. వేడియన్నముపై మూతవేసిన మూతకు నీళ్లు పట్టవా? మాగాయ ముక్కలారకుండ జాడీ కెత్తిన బూజు పట్టదా? మనమున్నది మూతవేసిన జాడీయే" అనిరి. తమ పడకకు దూరముగా నున్న కిటికీని తామే చెప్పి అంగుళము తెఱపించిరి.

అటుపిమ్మట మేమనుసరించిన పద్ధతు లివి. వంటకు గిన్నెలపై మూతలుంచి, కప్పునందలి గాలిపంకాను తిప్పితిమి. వెచ్చదనమునకు వంటపొయ్యిని వెలిగింపరాదు. చెమ్మయే గాక ప్రాణాంతకమగు కార్బన్ మోనాక్సైడు కూడ పుట్టవచ్చును. పొగను బయటికి పంపు కొలిమితోనే బండిని వెచ్చజేసితిమి. ఉదయమున అద్దములు తుడిచి, గుడ్డను బయట పిండి, పరుపులను నిలువబెట్టితిమి. అలమరల తలుపులు తెఱచి, వెలిగోడకు ఆనియున్న మూటలను జరిపితిమి. చుక్కలు పట్టిన చెక్కను, అత్తగారిని దూరముగా కూర్చుండబెట్టి, ముక్కునకు ముసుగు కట్టుకొని సబ్బునీటితో కడిగి పొడిగా తుడిచితిమి. ఘాటైన క్లోరిను నీరు ఉబ్బసపువారికి హాని గనుక దాని జోలికి పోలేదు. బూజు లోనికి దిగిన స్పాంజిదిండు నొకదానిని పాఱవేసితిమి. అట్టివి కడిగిన బాగుపడవు. తడిసినదేదైనను ఒకటి రెండు దినములలో నారవలయును. ఆలసించిన బూజు పట్టును.

ఫోర్క్సునందు కొన్న తేమమాపకము 75 చూపుచుండినది మఱునాటికి 55కు దిగెను. నూటికి 60 మించకుండుట యవసరము. 30 మొదలు 50 వఱకు నుండుట మేలు. కలాలాక్ సముద్రతీరమున నిలిచిన రాత్రి అత్తగారు మందవసరము లేక తెల్లవాఱువఱకు నిద్రించిరి. ఆ యలల హోరు వినుచు మేల్కొనియున్నది నేనే.

క్వినాల్ట్ సరస్సు చూచి, ఒలింపియా మీదుగా మరలివచ్చిన పిమ్మట బండిని శీతకాలమునకు నిలువచేసిరి. పరుపులు దించి, తొట్లు వంపి, అలమరలు బార్లా తెఱచి, చెమ్మ పీల్చు కాల్షియం క్లోరైడు డబ్బాను పాప చేతికందనిచోట నుంచిరి. ఆ డబ్బా గాలికి బదులు కాదు, దానికి తోడు మాత్రమే. ఏటికి రెండుమారులు కప్పు అతుకులు చూడవలయుననియు నిశ్చయించుకొనిరి. బండి లేని మనకును ముసురుదినములలో వంటింటి కిటికీ మూయుటకు ముందు ఈ లెక్కను తలచుకొనుట మంచిది. ముఖ్యముగా ఇంట దగ్గు, ఉబ్బసము గలవారున్నప్పుడు.