కోటప్పకొండ నుంచి కోనసీమకు

కోటప్పకొండ,
22 ఫిబ్రవరి 2025

నాన్నగారూ,

పొద్దున్నే కొండెక్కి త్రికోటేశ్వరస్వామి దర్శనం చేసుకున్నాను. అమ్మ మొక్కు తీరిందని చెప్పండి. 26న శివరాత్రి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ప్రభలు కట్టే హడావిడిలో ఉన్నాయి. కొండ దిగాక ఒక రైతు తన మిరప తోటకి తీసుకెళ్ళాడు. అక్కడ చూసింది మీకు చెప్పి తీరాలి.

ఆయన ఒక పువ్వు తుంచి అరచేతిలో విదిలించాడు. నూక కన్నా సన్నటి నల్లటి పురుగులు నాలుగైదు చకచకా పాకాయి. నల్ల తామర పురుగు. ఆగ్నేయాసియా జాతి. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట కనబడింది. 2021లో ఉమ్మడి గుంటూరు జిల్లా మిరప మీద విరుచుకుపడింది. పూతలో చేరి రసం పీల్చేస్తుంది, పూత రాలిపోతుంది, కాయ కట్టదు. ఆ ఏడు ఎందరో కాపు మీదున్న తోటలు పీకేశారు. కౌలు, పెట్టుబడి, రెక్కల కష్టం అన్నీ పోయాయి. మందు మీద మందు కొట్టినా పురుగు పెరిగిందే గానీ తగ్గలేదట. దాన్ని తినే మిత్రపురుగులే ముందు చచ్చాయి మరి.

రెంటచింతల,
24 ఫిబ్రవరి 2025

నాన్నగారూ,

వేసవిలో రాష్ట్రంలో ఎక్కడ ఎక్కువ ఎండ కాసిందంటే పేపర్లో తరచూ కనిపించే ఊరు ఇదే. ఎండ పల్నాడు వాళ్ళకి అలవాటే. ఇప్పుడు వీళ్ళని దెబ్బతీస్తున్నది కాలం అదను తప్పడం. 2023నే చూడండి. మిరప నాటే ఆగస్టులో చినుకు లేదు. 1901 నుంచి దేశంలో అంత పొడి ఆగస్టు లేదని వాతావరణ శాఖ లెక్క. సాగర్ కుడి కాలువకీ నీళ్ళు సరిగా రాలేదు. బోర్ల కింద ఎలాగో బతికించుకున్న తోటల్ని డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను దెబ్బతీసింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. అందుకే ఎండితే నేల బీటలు వారేలా ఎండుతోంది, కురిస్తే కుండపోతే.

కల్లాల్లో ఆడవాళ్ళు కాయలు ఏరుతున్నారు. ఎర్రకాయ ఒక రాశి, తెల్లబారిన తాలుకాయ ఇంకో రాశి. ఆరబోసిన కాయ మీద వాన పడితే తాలు పెరుగుతుంది, బూజు పడుతుంది. ఈ ఏడు ఎర్రకాయకే ధర పడిపోయింది, ఇక తాలు సంగతి చెప్పక్కర్లేదు.

మన కొబ్బరిదీ ఇదే దారి, నాన్నగారూ. 2016లో పొల్లాచ్చి వైపు బయటపడ్డ సర్పిలాకార తెల్లదోమ ఆ ఏడాది చివరికే కడియం నర్సరీల దాకా వచ్చింది. వానలు ముఖం చాటేసి ఎండలు ముదిరితే అదీ పెరుగుతుంది. కొబ్బరి ఆకులకే కాదు, కింద ఉన్న కోకోకీ మసి పట్టిస్తుంది. కిందటేడు మన కోకో కిలో వెయ్యి రూపాయలు పలికిందంటే, ఘనా, ఐవరీ కోస్టుల్లో వాతావరణం తిరగబడి, తెగుళ్ళు సోకి పంట పోబట్టే. అక్కడి రైతు కన్నీళ్ళ మీద వచ్చిన ధర అది. దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి.

పక్క తోట వాళ్ళు మందు కొట్టిస్తున్నారని మీరూ కొట్టించకండి. తెల్లదోమని అణిచే ఎన్‌కార్సియా బదనికలు ఆ మందుకి చస్తాయి. ఆకుల అడుగున నీళ్ళు జోరుగా కొట్టించండి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రానికి వెళ్ళి తెల్లదోమ మీద వాడే ఐసేరియా శిలీంద్రం గురించి అడగండి. కాలాన్ని మనం ఒక్కళ్ళమే మార్చలేం. మిత్రపురుగుల్ని చంపుకోకుండా ఉండడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఈ వారమే వెళ్ళండి, ఆలస్యం చేయకండి.

మీ అబ్బాయి