వరుస

మొన్న సంక్రాంతికి నెల్లిమర్ల వెళ్ళినప్పుడు అమ్మ పెళ్ళిపాటల నోటుపుస్తకం చేతికి తీసుకుని చూశాను. కుట్టు ఊడిపోయి కాగితాలు విడివిడిగా ఉన్నాయి. వాటికి పేజీ అంకెలు లేవు. శిథిలమయ్యేలోగా భద్రపరచాలని ఒక చిన్న వెబ్ అప్లికేషన్ రాయడానికి ఉపక్రమించాను. నా జీవనోపాధి కూడా ఆ పనే.

వేడుకలకొక టేబుల్, పాటలకొక టేబుల్. పెళ్ళి, సీమంతం, బారసాల. ఒక్కొక్క వేడుక కింద దాని పాటలు. రెండు రోజుల్లో అన్నీ ఎక్కించాను. నలుగు పాటలో ఒక అక్షరదోషం కనిపిస్తే దిద్ది, పేజీ మళ్ళీ తెరిచాను. ఆ పాట జాబితా అడుగుకు జారిపోయింది.

"ఇదేట్రా! పిల్ల అత్తారింటికెల్లిపోయాక నలుగెవులికి పెడతారు?" అంది అమ్మ.

నవ్వుకున్నాను. 1970లో ఐబీఎంలో పనిచేస్తూ ఎడ్గార్ కాడ్ సంబంధాత్మక నమూనాను ప్రతిపాదించినప్పుడే, దత్తాంశం నిలవచేసిన క్రమం మీద ప్రోగ్రాములు ఆధారపడకూడదన్నాడు. టేబుల్ ఒక సమితి, సమితికి ముందువెనుకలుండవు. 'ఆర్డర్ బై' అని చెప్పి అడగకపోతే ఏది ముందొస్తుందో హామీ లేదు. పోస్ట్‌గ్రెస్‌లో రికార్డును దిద్దితే దానికొక కొత్త ప్రతి తయారవుతుంది. నలుగు పాట చివరికి చేరడానికి కారణమదే.

ఆ సాయంత్రం నవ్వు ఆగిపోయింది. తెర చూస్తూ పాడబోయిన అమ్మ రెండో పాట దగ్గరే తడబడి మౌనం వహించింది. కొంతకాలంగా ఆమెకు మరుపు పెరుగుతోంది. ఒక పాట ముగింపు తరువాతి పాటను పిలవాలి. అప్పుడే అది గొంతులోకి వస్తుంది. ఆ క్రమం కాగితాల మీద లేదు. ఉన్నది ఆమెలోనే.

రాత్రి కూర్చుని పాటల టేబుల్‌కు 'స్థానం' అనే గడి చేర్చాను. అదీ తప్పే. హారతి పాట పెళ్ళిలో పదహారవది, బారసాలలో నాలుగవది. ఒక పాటకు ఒకే అంకె ఎలా ఇస్తాం? కాబట్టి స్థానం ఉండవలసింది పాటలో కాదు, పాటనూ వేడుకనూ కలిపే మధ్య టేబుల్‌లో. మన భాషకు ఈ సంగతి ముందే తెలుసు. క్రమాన్నీ, చుట్టరికాన్నీ 'వరుస' అనే ఒక్క మాటతోనే చెబుతాం. ఒకరికి పిన్ని అయిన మనిషే ఇంకొకరికి వదిన. వరుస మనిషిలో ఉండదు, ఇద్దరి మధ్య ఉంటుంది.

ఇటువంటి జాబితాల కోసం రైల్స్‌లో 'యాక్ట్స్ యాజ్ లిస్ట్' ఉండేది. 2007లో రైల్స్ 2.0తో అది విడిపోయింది. ఇప్పుడు వేరే లైబ్రరీగా దొరుకుతుంది. దానికి ఏ వేడుకకు ఆ వేడుక లెక్క అని విడిగా చెప్పాలి. లేకుంటే పెళ్ళిపాట కదిపితే బారసాల పాటలూ కదులుతాయి. పదవ పాటను మూడవ చోటికి తెస్తే మూడు నుంచి తొమ్మిది వరకు ఉన్నవన్నీ ఒక్కొక్క మెట్టు దిగాలి. అదంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. మధ్యలో ఆగిపోతే రెండు పాటలు ఒకే పీట మీద కూర్చుంటాయి.

మర్నాడు అమ్మ పక్కన కూర్చుని "దీని తరవాత అది" అంటూ చెబుతుంటే కదుపుతూ పోయాను. పదకొండవ పాట పాడి ముగించి, ఆగి, నోటుపుస్తకంలో ఎక్కడా లేని పాటొకటి ఎత్తుకుంది. వేళ్ళు వణుకుతుండగా రాసుకుని, దానికి పన్నెండవ స్థానమిచ్చాను. కింద ఉన్నవన్నీ, భోజనాల పంక్తిలో చుట్టాల్లాగా, జరిగి చోటిచ్చాయి.