దారిబత్తెం

ప్రయాణంలో తినడానికి మూటగట్టుకొనే ఆహారాన్ని సంస్కృతంలో ‘పాథేయం’ అంటారు. పథం అంటే దారి. దారికి పనికివచ్చేది పాథేయం. తెలుగువారు దానినే ‘దారిబత్తెం’ అన్నారు. ఈ మాటల పుట్టుకను ఏళ్ళ తరబడి తరగతి గదిలో వివరిస్తూ వచ్చాను. కాని నా కారులో దారిబత్తెం ఉన్నదా అని ఒక్కనాడూ చూచుకోలేదు.

2023 జూలై చివరి వారంలో హైదరాబాదు నుంచి విజయవాడకు వస్తున్నాం. వెనుక సీటులో అమ్మ. ఆమెకు మధుమేహం. రాత్రి భోజనానికి ముందు మాత్ర వేసుకోవాలి. గంటలో ఇల్లు చేరుతామన్న ధీమాతో నందిగామ దగ్గరే వేసుకొన్నది. ఐతవరం సమీపించేసరికి వాహనాలు బారులు తీరి నిలిచి ఉన్నాయి. మున్నేరు పొంగి జాతీయ రహదారి మీదుగా ప్రవహిస్తున్నది. ముందుకు పోయే వీలు లేదు. వెనుకకు మళ్ళే చోటూ లేదు.

గంటలు గడిచాయి. కారులో ఉన్నవి సగం సీసా నీళ్ళు, ఒక దినపత్రిక, నా ఉపన్యాసపు కాగితాలు. అమ్మ చేతులు వణకసాగాయి. ఆ చలిగాలిలోనూ నుదుట చెమటలు. మాట తడబడింది. నాకు ఏమీ తోచలేదు. పక్క లారీ డ్రైవరు చూచి కిందికి దూకాడు.

“పెద్దమ్మకి షుగరు పడిపోయినట్టుంది సార్. మా నాన్నకీ ఇట్లాగే అయ్యేది” అంటూ కాగితంలో చుట్టిన బెల్లం తెచ్చాడు.

స్పృహ ఉన్నది కనుక చిన్న చిన్న ముక్కలుగా నోటిలో పెట్టాం. కొంతసేపటికి అమ్మ నన్ను చూచి, “అన్నం తిన్నావా?” అని అడిగింది.

అతని లారీలో స్టవ్వు, బియ్యం, నీళ్ళడబ్బా, తాడు, టార్చిలైటు అన్నీ ఉన్నాయి. వ్యుత్పత్తి మాత్రమే నా దగ్గర ఉన్నది.

మరునాటి వారమే ఒక ప్లాస్టిక్ పెట్టె కొన్నాను. నీళ్ళు, అటుకులు, వేయించిన వేరుశనగపప్పు, బెల్లం, గ్లూకోజు పొడి, దుప్పటి, ప్రథమచికిత్స సామగ్రి, తాడు, టార్చి సర్దాను. అద్దం పగులగొట్టే చిన్న సుత్తిని మాత్రం డిక్కీలో పెట్టలేదు. నీటిలో చిక్కుకొన్నవాడు డిక్కీ దాకా ఎట్లా పోగలడు? అది డ్రైవరు సీటు పక్కనే ఉన్నది.

సర్దడంతో పని తీరిందనుకొన్నాను. మే నెలలో మూత తీస్తే టార్చిలోని బ్యాటరీలు కారి తుప్పు పట్టి ఉన్నాయి. బెల్లం కరిగి దుప్పటికి అంటుకొన్నది. ఎండలో నిలిపిన కారు కొలిమితో సమానం. అందుచేత మందులు ఇప్పుడు కారులో ఉంచడం లేదు; అమ్మ చేతిసంచిలోనే ప్రయాణిస్తాయి. బ్యాటరీలను విడిగా చుట్టిపెట్టాను. నెలకొకసారి నీళ్ళు మార్చి, స్టెప్నీలో గాలి చూపించుకొంటున్నాను. 112, 108, రహదారి సహాయానికి 1033 అంకెలను మూత లోపల అట్టమీద వ్రాసి అంటించాను. సెల్‌ఫోను ఆరిపోతే అందులోని అంకెలు అక్కరకు రావు కదా!

2024 సెప్టెంబరు ఆరంభంలో అదే చోట మళ్ళీ నీరు రహదారిని ముంచెత్తింది. ఈసారి వార్త విని ప్రయాణమే మానుకొన్నాం.

మొన్న పెట్టె సర్దుతుంటే బెల్లం పొట్లాలు రెండు కనిపించాయి. ఒకటి తీయబోతే అమ్మ వారించింది.

“అది మనకి కాదురా. పక్క బండివాళ్ళకి.”

పెట్టె మూత పట్టలేదు. దుప్పటి తీసి సీటు మీద వేశాను.