మెట్ల కింద బాత్రూం, స్కెచ్‌అప్‌లో మా తిప్పలు

అన్నలూ, తమ్ముళ్లూ, పోయినసారి మేము పెట్టిన ఇంటి బొమ్మ చూసి చాలామంది అడిగిన్రు, ఎవరితో గీయించిన్రు, ఎంత తీసుకున్నడు అని. ఎవరితోనూ కాదు. ఇక్కడ క్రైస్ట్‌చర్చ్‌లో మేము నలుగురం ఒకే ఇంట్లో ఉంటున్నం, చలికాలం ఆదివారాలు హీటర్ ముందు కూసోని గీసినం. స్కెచ్‌అప్ ఫ్రీ అని బ్రౌజర్‌లోనే నడుస్తది, పైసా కట్టేది లేదు. పదో తరగతి ఇంగ్లీషు సరిపోతది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఫ్రీ అంటే సొంత పనికే. కంపెనీ పనికి వాడాలంటే డబ్బులు కట్టి తీసుకోవాల్సిందే, అది వాళ్ల షరతు.

ఈ ఇల్లు మాలో చిన్నోడిది, జగిత్యాల దగ్గర పల్లె. మూడేండ్ల ఓవర్‌టైం పైసలు అందులో ఉన్నయి. వాళ్లమ్మకు మోకాళ్లు పనిచేయవు, రాత్రిపూట బయటికి పోలేదు. అందుకని కింద మెట్ల కింద ఒక బాత్రూం పెట్టాలె అన్నదే ఈ ఇంట్లో అసలు సంగతి. మేస్త్రి కాగితం మీద గీసి వాట్సాప్‌లో పంపిండు. బాగనే గీసిండు, కొలతలన్నీ రాసిండు. కానీ అది పైనుంచి చూసిన ప్లాను. పైనుంచి చూస్తే పొడవు, వెడల్పు కనిపిస్తయి, ఎత్తు కనిపించదు. మనం సైట్లో రోజూ చూసేదే ఇది, గొడవలన్నీ ఎత్తు దగ్గరే వస్తయి.

గీయడానికి ముందు ఒక మాట. టచ్‌ప్యాడ్‌తో చేయకండి, విసుగొచ్చి మొదటి రోజే వదిలేస్తరు. నడుమ చక్రం ఉన్న మౌస్ కొనుక్కోండి. చక్రం తిప్పితే దగ్గరికి వస్తది, నొక్కి పట్టుకొని జరిపితే బొమ్మ చుట్టూ తిరుగుతది. సగం పని అదే. ల్యాప్‌టాప్ లేనివాళ్లకు లైబ్రరీ ఉంది. ఇక్కడైతే 2018లో తెరిచిన తూరంగ లైబ్రరీలో కంప్యూటర్లు, వైఫై ఫ్రీ. బొమ్మ అసలే తెరుచుకోకపోతే, లేదా మరీ ఆగి ఆగి కదులుతుంటే, బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందా చూడండి. చాలామందికి అక్కడే బంద్ అయి ఉంటది.

కొలత ఎట్ల కొట్టాలో చాలామందికి తెలుస్తలేదు. కింద మూలకు ఒక డబ్బా ఉంటది కదా, దాంట్లో క్లిక్ చేయొద్దు. గీత మొదలుపెట్టి, ఎటు పోవాలో అటు మౌస్ కొంచెం జరిపి, ఊరికే అంకెలు కొట్టి ఎంటర్ నొక్కాలె. ఇంకో సుఖం ఏందంటే ఇక్కడ మన పనంతా మిల్లీమీటర్లలో, ఊర్లో మేస్త్రిది అడుగులు, అంగుళాలలో. స్కెచ్‌అప్ రెండూ తీసుకుంటది. మిల్లీమీటర్ల ఫైల్లో కూడా 10'6" అని కొడితే అదే లెక్క మార్చుకుంటది. క్యాలిక్యులేటర్ పట్టుకునే పని లేదు, లెక్క తప్పే భయం లేదు.

గీత వంకర పోతుంటే బాణం బటన్లు వాడండి. పై బాణం నొక్కితే నిలువుకే పోతది, నీలం రంగు. కుడి బాణం ఎరుపు దిక్కు, ఎడమ బాణం ఆకుపచ్చ దిక్కు. కండ్లకు నేరుగా కనిపించిన గీత నిజంగా నేరుగా ఉండదు. నాలుగు గీతలు కలిపినా నడుమ ముఖం నిండలేదంటే కారణం అదే, ఏదో ఒక మూల కొంచెం పైకో కిందికో పోయి ఉంటది, లేకుంటే వెంట్రుకంత సందు ఉంటది. అంతా చెరిపేసి మళ్లీ గీయకండి. ఒక్కో అంచు మీద మళ్లీ గీత పోనిచ్చి చూడండి. అయినా నిండకపోతే ఒక మూల నుంచి ఎదురు మూలకు అడ్డంగా గీయండి, ఒక సగం నిండి ఇంకో సగం నిండకపోతే తేడా ఏ దిక్కున్నదో తెలిసిపోతది.

ఇక అందరి దుఃఖం ఒక్కటే: గోడ జరిపితే స్లాబు కూడా గుంజుకొని వచ్చింది. స్కెచ్‌అప్‌లో తాకినవన్నీ అతుక్కుంటయి, పచ్చి సిమెంట్ లెక్క. గోడ గీసిన వెంటనే దాన్ని మూడుసార్లు క్లిక్ చేసి మొత్తం పట్టుకొని, జీ నొక్కి కాంపొనెంట్ చేసేయాలె. అప్పుడది సెట్ అయిన కాంక్రీటు. దాన్ని మార్చాలంటే రెండుసార్లు క్లిక్ చేసి లోపలికి పోవాలె. పిల్లర్, బీము, మెట్టు, తలుపు, ఏది గీస్తే అది వెంటనే కాంపొనెంట్. తర్వాత చేద్దాం అనుకుంటే ఆ తర్వాత రాదు.

మెట్లు గీసినప్పుడే చిన్నోడి ఇంటి సంగతి బయటపడ్డది. కింది ఫ్లోర్ నుంచి పై ఫ్లోర్‌కు 10'6", అంటే 126 అంగుళాలు. మెట్టు ఎత్తు 7 అంగుళాలు, 18 ఎత్తులు. అడుగు పెట్టే వెడల్పు 10 అంగుళాలు. (ఇక్కడ ఇంటి ముఖ్యమైన మెట్లకు 280 మి.మీ. కన్నా తక్కువ పెట్టనియ్యరు, 10 అంగుళాలు 254యే. మన దగ్గర నడుస్తది.) మేస్త్రి 9 ఎత్తులకు ల్యాండింగ్, మలుపు తిరిగి మళ్లీ 9 అని పెట్టిండు. ఒక మెట్టు గీసి కాంపొనెంట్ చేసినం. మూవ్ తీసుకొని, కంట్రోల్ నొక్కి, మెట్టు ముందు కింది మూల పట్టి వెనక పై మూల మీద పెట్టి, 7 పక్కన ఎక్స్ కొట్టి ఎంటర్ నొక్కితే మెట్లన్నీ ఒక్కసారి లేచినయి. 9 ఎత్తులకు 8 మెట్లే, తొమ్మిదో ఎత్తు ఎక్కితే ల్యాండింగ్. ఒక మెట్టు ముందే ఉంది కాబట్టి కాపీలు 7.

ల్యాండింగ్ పెట్టి, టేప్‌తో కింద కొలిస్తే 4 అడుగుల 10 అంగుళాలు! ల్యాండింగ్ పై ముఖం 63 అంగుళాల మీద, అందులో 5 అంగుళాల మందం. ఆ సందులో వాళ్లమ్మ బాత్రూం. చిన్నోడు స్క్రీన్ చూసి చాలాసేపు మాట్లాడలేదు. మెట్ల సెంట్రింగ్ ఆ వారంలోనే ఉండె. ఫోన్ చేస్తే మేస్త్రి, "పెద్దమనిషే కదా, వంగి పోతది" అన్నడు. మోకాళ్లు లేని మనిషి వంగి ఎట్ల పోతది?

కొట్లాట పెట్టుకోలేదు, బొమ్మ మార్చినం. మొదటి వరుసలో 12 ఎత్తులు, మలుపు తర్వాత 6. ల్యాండింగ్ 84 అంగుళాల మీదికి పోయింది, కింద 6 అడుగుల 7 అంగుళాలు వచ్చింది. ఆరడుగుల తలుపు పడతది. మొదటి వరుస పొడవు 11 మెట్లకు 9'2", ల్యాండింగ్ 3 అడుగులు, మొత్తం 12'2". మెట్లకు వదిలిన జాగ 13 అడుగులు, సరిపోయింది. పై స్లాబులో మెట్లకు వదిలే ఖాళీ మాత్రం ఎక్కువైంది, అది కూడా బొమ్మలోనే కనిపించింది. లేకుంటే ఎక్కేటప్పుడు తల స్లాబుకు కొట్టుకునేది.

మేస్త్రికి ఫైల్ పంపితే తెరవడు. సెక్షన్ ప్లేన్ పెట్టి ఇల్లు నడుమకు కోసి, కెమెరాను ప్యారలల్ ప్రొజెక్షన్‌లోకి మార్చి, పక్క నుంచి కొలతలతో ఒక ఫొటో తీసినం. ల్యాండింగ్ కింద ఐదడుగుల మనిషి బొమ్మ నిలబెట్టినం, పాతదాంట్లో ఒకటి, కొత్తదాంట్లో ఒకటి. పాతదాంట్లో ఆ తల ల్యాండింగ్‌లోకి దూరింది. రెండు ఫొటోలు ఆదివారం సాయంత్రం ఇక్కడి 7 గంటలకు పంపినం, అక్కడ మధ్యాహ్నం 12:30, అన్నం తినే టైం. చలికాలంలో ఆరున్నర గంటల తేడా, ఎండాకాలం గడియారం మార్చినంక ఏడున్నర. ఆయన తినుకుంట చూసి, "ఇట్లనే చేద్దాం, ఇంజనీరును అడుగుత" అన్నడు. ఇంజనీరు మొదటి వరుస పొడవు పెరిగిందని రాడ్లు మార్చి ఇచ్చిండు. ఇది మరవకండి: స్కెచ్‌అప్ కొలత చెప్తది, బలం చెప్పదు. బొమ్మలో నిలబడ్డది నేల మీద నిలబడాలని లేదు.

మిగిలిన చిన్న తిప్పలు. దగ్గరికి పోతుంటే గోడలు కోసినట్టు మాయమైతే, జూమ్ ఎక్స్‌టెంట్స్ నొక్కండి. ఇల్లు చుక్కలా కనిపిస్తే ఎక్కడో దూరంగా ఒక పనికిరాని గీత పడి ఉన్నట్టు. దాన్ని పట్టి తీసేయండి. ల్యాప్‌టాప్ మొరాయిస్తే త్రీడీ వేర్‌హౌస్ నుంచి తెచ్చిన సోఫాలు, చెట్లు తీసేసి పర్జ్ అన్‌యూజ్డ్ నొక్కండి, తీసేసినా అవి ఫైల్లోనే ఉంటయి. రాడ్లు, పైపులు గుండ్రంగా గీస్తే వృత్తానికి 24 పక్కలు వస్తయి. వృత్తం సాధనం తీసుకున్నంక 8 పక్కన ఎస్ కొట్టి ఎంటర్ నొక్కితే 8 పక్కలతో గీస్తది, మనకు అది చాలు. మిల్లీమీటరు కన్నా చిన్న అంచులైతే ముఖాలు నిండవు, అట్లాంటిది వందరెట్లు పెద్దగా గీసి తర్వాత తగ్గించండి.

కొత్తగా వచ్చిన తమ్ముళ్లు ఇల్లు తర్వాత గీయండి, ముందు ఇక్కడి చెక్క గోడ ఒకటి గీయండి. 90 బై 45 కట్టె, స్టడ్లు 600 దూరంలో, కింద ప్లేటు, పైన ప్లేటు, నడుమ డ్వాంగులు. ఒక స్టడ్ గీసి 600 జరిపి కాపీ చేస్తే గోడ లేస్తది. ఒక్కోదానికి కాంపొనెంట్ పేరు ఇక్కడి మాటలోనే పెట్టండి. సోమవారం ఫోర్‌మన్ డ్వాంగ్ తెమ్మంటే మొహం చూసుకునే పని ఉండదు.

ఎక్కడన్నా ఆగిపోతే కింద స్క్రీన్ ఫొటో పెట్టండి. ఫోన్‌తో సగం తీసి పెట్టకండి, కింద మూల కొలత డబ్బా కూడా కనిపించాలె. రాత్రి పని నుంచి వచ్చినంక చూసి చెప్తం.