నేనే నొక్కాను

మా గుడి కౌంటర్ లాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్ చాలా నెమ్మది. ఒక్కో అక్షరం ఆగి ఆగి పడేది. అర్చన టికెట్ కోసం పెద్దవాళ్ళు లైన్‌లో నిలబడేవారు.

"ఆంటీ, మీరేం నొక్కారు?" అన్నారు పిల్లలు. "ఏమీ లేదు" అన్నాను.

లాప్‌టాప్ ఇంటికి తెచ్చాను. వైఫై మారినా నెమ్మదే. ఎక్స్‌టెన్షన్లు ఆపినా నెమ్మదే. అప్పుడు అడ్రస్ బార్‌లో అబౌట్:థర్డ్-పార్టీ అని కొట్టాను. ఫైర్‌ఫాక్స్ లోపలికి దూరిన బయటి ప్రోగ్రామ్‌ల ముక్కలు, అంటే మాడ్యూల్స్, అక్కడ కనిపిస్తాయి. విండోస్‌లో 2023 నుంచి వాటిని ఆపవచ్చు కూడా.

ఒకటి ఆపి, ఫైర్‌ఫాక్స్ మళ్ళీ తెరిచాను. వేగం వచ్చింది! మళ్ళీ రానిచ్చాను. నెమ్మది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

అది తెలుగు టైపింగ్ ప్రోగ్రామ్. భక్తుల గోత్రాలు తెలుగులో రాయాలని నేనే పెట్టాను.

దాన్ని తీసేసి, విండోస్‌లోనే ఉన్న తెలుగు కీబోర్డు పెట్టుకున్నాను. ఆదివారం పిల్లలకి చెప్పాను: "నేనే నొక్కాను, నాన్నా." గోత్రాలు మాత్రం తెలుగులోనే రాస్తున్నాను.